పుట్టగొడుగు రాల్చిన పొడి

"ఇవి పుట్టగొడుగులా?"

ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉండుంటే నలుసు బతుకు ఎంత ప్రశాంతంగా సాగిపోయేదో! కానీ నోరు ఊరుకుంటేగా.

నలుసంటే వాడి అసలు పేరు కాదు లెండి. వాళ్ళది బొమ్మలకి, ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు. గాజు వెనక ఆవగింజలో సగమంత దుమ్ము కనబడినా సరే, ఫ్రేమ్ మొత్తం విప్పి, తుడిచి, మళ్ళీ కడతాడు. అది చూసీ చూసీ వీధి వీధంతా నలుసని పిలవడం మొదలెట్టింది. ఇప్పుడు కన్నతండ్రి కూడా అలాగే పిలుస్తాడు. పిలిస్తే వీడూ పలుకుతాడు.

ఆ సోమవారం పొద్దున్నుంచీ ఒకటే ముసురు. షాపులో గోడకి ఆనించిన చెక్క పట్టీలు, జిగురు వాసన, నేల మీద రంపపు పొట్టు. తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ షీటు చుట్టిన పెద్ద బోర్డు. దాని మీద గొడుగు. గొడుగంతా బోర్డుకే పట్టడంతో తను మాత్రం తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయింది.

"చూసుకోండి, నీళ్ళు కారుతున్నాయ్. పట్టీలు ఉబ్బిపోతాయి," అన్నాడు మనవాడు. మర్యాద ఎక్కువ మరి.

"అయ్యో, బయటికెళ్ళి పిండుకుని రానా?" అందా అమ్మాయి.

వెనక రంపం దగ్గర కూర్చున్న పెద్దాయన, అంటే వీడి నాన్న, తుండు తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చాడు. ఇచ్చి, కొడుకు వంక ఒక చూపు చూశాడు. ఆ చూపుకి అర్థం వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

షీటు విప్పింది. అడవి నేల. బ్రష్షుతో కాదు, కత్తితో గరిటెతో తీసి మెత్తినట్టు మందంగా రంగులు. తుప్పు రంగు, బురద రంగు, నల్లగా కమిలిన ఆకుపచ్చ. వాటి మధ్యలోంచి ఒరిగినవీ, విరిగినవీ, నేలని చీల్చుకుని లేస్తున్నవీ ఏవో తలలు. కొన్నిచోట్ల రంగు కిందకి కారి అలాగే ఎండిపోయింది. అడుగున ఒక మూల మాత్రం లేత పసుపు, ఎండ పడ్డట్టు. అప్పుడడిగాడు ఆ ప్రశ్న.

"మీకేమనిపిస్తోంది?" అందామె.

"ఏమో... గాలివానకి గొడుగులన్నీ తిరగబడి, వాటి మీంచి లారీ వెళ్ళినట్టుంది."

పెద్దాయన గట్టిగా దగ్గాడు.

"లారీ నడిపింది నేనే. నంబరు రాసుకోండి," అందామె. నవ్వలేదు.

ఆమె ఆ పక్క వీధి స్కూల్లో డ్రాయింగ్ టీచరు. వేళ్ళ గోళ్ళ నిండా రంగులే. "దీన్ని గ్లాస్ కింద పెట్టాలి. కానీ గ్లాస్ బొమ్మకి తగలకూడదు. ముఖ్యంగా ఇక్కడ, ఈ మూల..." అంటూ ఆ లేత పసుపు దగ్గర వేలు పెట్టబోయి ఆగింది. ఎదురుగా వీడి పెదవి చివర నవ్వు కనబడుతోంది.

"ఆ మూల ఏంటి? లారీ కింద పడ్డ డ్రైవరా?"

"ఏం లేదు. జాగ్రత్తంటే చాలు."

"మా షాపుకి వచ్చి జాగ్రత్త చెప్పక్కర్లేదండీ."

"ఆదివారం మా నాన్న ఆస్పత్రి నుంచి ఇంటికొస్తారు. ఆయన మంచం ఎదురుగా గోడకి ఇది ఉండాలి. శుక్రవారానికి ఇస్తారా?"

"గురువారానికే ఇస్తాను," అన్నాడు. నాన్న, ఆస్పత్రి అనేసరికి నవ్వు దానంతటదే పోయింది. సారీ చెబుదామనుకునేలోపు ఆమె గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది. ఈసారి గొడుగు విప్పనే లేదు. మర్చిపోయినట్టుంది.

ఇక బొమ్మ టేబుల్ మీద చేరింది. మనవాడు పట్టీ కోస్తున్నా, గాజు కొలుస్తున్నా చూపు అటే పోయేది. మొదటి రోజు లారీయే కనబడింది. మంగళవారం సాయంత్రం, కిటికీలోంచి కాస్త వెలుతురొచ్చినప్పుడు, ఉన్నట్టుండి ఒకటి కనబడింది. ఒక చిన్న పుట్టగొడుగు ఎండుటాకుని నెత్తిన పెట్టుకుని లేస్తోంది. ఎవరూ సాయం లేరు దానికి. అయినా లేస్తోంది. అది చూశాక రంపం చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయాడు.

"ఏరా, బొమ్మ వంక చూస్తున్నావా, బొమ్మ తెచ్చిన పిల్ల వంక చూస్తున్నావా?" అన్నాడు పెద్దాయన.

"బొమ్మ వంకే."

"బొమ్మలో ఆ పిల్ల లేదు కదరా. మరి ఆ నవ్వేంటి?"

వీడు చెవులు ఎర్రబడేదాకా తల వంచుకుని పట్టీకి గరుకు కాగితం రుద్దాడు. అది అప్పటికే నున్నగా ఉంది.

ఆ పిల్లకి ఇంతవరకు ఎవరూ కట్టనంత మంచి ఫ్రేమ్ కట్టాలి. బుధవారం పొద్దున్న మనవాడి మనసులో ఉన్నదదొక్కటే. మెరుపు లేని ముదురు చెక్క ఎంచాడు. గాజు బొమ్మకి తగలకుండా చుట్టూ సన్నటి పుల్లలు అతికాడు. చివరగా గాజు వేసేముందు, అలవాటు కొద్దీ, దీపం దగ్గరకి లాక్కుని బొమ్మంతా వెతికాడు. దొరకనే దొరికింది. ఆ లేత పసుపు మూలలో, గుండ్రంగా, మసిలాంటి నల్లటి పొడి.

"పాపం, పొయ్యి దగ్గరో కిటికీ దగ్గరో పెట్టుకుని వేసినట్టుంది," అనుకున్నాడు.

రంగు చెదరకూడదు కదా. మెత్తటి బ్రష్షు తీశాడు, గాలి ఊదే రబ్బరు బంతి తీశాడు. ఊపిరి బిగబట్టి, ఒక్కో గీత, ఒక్కో రేణువు. గంటకి పైగా పట్టింది. మెడ పట్టేసింది. చివరికి ఆ మూల అద్దంలా శుభ్రపడింది. గాజు వేసి, వెనక టేపు అంటించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఏ పనీ చేయలేదనుకున్నాడు పిచ్చివాడు.

గురువారం స్కూలు వదిలాక ఆమె వచ్చింది. చంకలో చార్టు చుట్టలు. మనవాడు బట్ట తీసి చూపించాడు. ఆమె ముఖం విప్పారింది. ఆ విప్పారడం చూసి వీడి గుండె ఎగిరి గంతేసింది. అంతలో ఆమె చూపు కిందకి దిగింది.

"ఇక్కడుండేది ఏదీ?"

"ఏదండీ?"

"నల్లగా... గుండ్రంగా..."

"ఓ, అదా! దుమ్మండీ. మసిలాగా పట్టేసింది. గంటన్నర కూర్చుని మొత్తం తీసేశాను. ఒక్క రేణువు లేదు, చూసుకోండి."

ఎంత గర్వంగా చెప్పాడనుకున్నారు! వెనక పెద్దాయన మాత్రం ఆ పిల్ల ముఖం చూసి రంపం కింద పెట్టేశాడు.

ఆమె స్టూలు మీద కూలబడింది. "అది దుమ్ము కాదండీ," అంది మెల్లగా. "పుట్టగొడుగు తల కోసి బోర్లిస్తే, తెల్లారేసరికి దాని పొడి రాలి కింద ముద్ర పడుతుంది. దానికది విత్తనంలాంటిది. మా నాన్న ఫారెస్టు గార్డు. ముప్పై నాలుగేళ్ళు ఆ అడవిలోనే తిరిగారు. పోయినేడు వానల్లో చివరిసారి లోపలికి వెళ్ళి, వాగు దాటి, మూడు కొమ్మల చెట్టు కింద నుంచి ఒక్క పుట్టగొడుగు రుమాల్లో పెట్టుకుని తెచ్చి నా చేతికిచ్చారు. ఆ తర్వాత మోకాళ్ళు పనిచేయలేదు. ఆ ముద్ర ఈ బోర్డు మీద పడ్డాకే, దాని చుట్టూ ఏడాది పాటు ఈ బొమ్మ వేశాను. పొడి అంటుకునేలా స్ప్రే కొడితే చెదిరిపోతుందని అలాగే వదిలేశాను."

మనవాడి నోట మంచి మాట రాలేదు. "నాకు చెప్పలేదు కదండీ," అన్నాడు.

"చెబుదామనే అనుకున్నా. లారీ అన్నారుగా. ఇంక పుట్టగొడుగు పొడి అంటే ఎంత నవ్వుతారోనని ఊరుకున్నా."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "ఆదివారం నాన్నకి ఏం చూపించను?" అని తనలో తనే అనుకుని, చార్టులు ఏరుకుని, బొమ్మ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

పెద్దాయన కొడుకు దగ్గరకొచ్చి అన్నాడు: "ఒరేయ్, తుడవడం తప్పు కాదు. అది మన పని. నవ్వావు చూడు, అదిరా తప్పు. వెళ్ళి ఆ పిల్ల కాళ్ళు పట్టుకుంటావో, ఏం చేస్తావో చెయ్యి. ఊరికే మాత్రం ఇంటికి రాకు."

శుక్రవారం మధ్యాహ్నం నుంచి స్కూలు గేటు ముందు నిలబడ్డాడు, తేలు కుట్టిన దొంగలాగా. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి ఎవరి పిల్లలకోసమని అడిగాడు. చివరికి ఆమె బయటికొచ్చింది. చూసీ చూడనట్టు నడిచింది. వీడు పక్కనే నడిచాడు.

"సారీ చెప్పడానికి రాలేదండీ," అన్నాడు.

"అబ్బో. మరి?"

"సారీ చెప్తే మీ నాన్నగారి గోడకి ఏమొస్తుంది? ఆ చెట్టు ఎక్కడో మీకు తెలుసా?"

ఆమె ఆగింది. "నాన్న నోటివెంట వందసార్లు విన్నాను. వెళ్ళలేదెప్పుడూ. ఈ వానలకి కాదు, వచ్చే వానలకి తీసుకెళ్తాలే అనేవారు. అలా అంటూండగానే మోకాళ్ళు పోయాయి."

"ఇవి వచ్చే వానలే కదా. రేపు శనివారం. వెళ్దామా?"

"మీ షాపు?"

"మా నాన్న ఉన్నారు. వెళ్ళకపోతే ఇంట్లోకి రానివ్వనన్నారు. నిజం, మీరు రాకపోతే రాత్రికి నాకు దిక్కులేదు."

నవ్వు రాబోయింది ఆమెకి. రానివ్వలేదు. "ఆరింటి బస్సు. ఆలస్యమైతే ఆగను," అంది.

ఐదున్నరకే బస్టాండులో ఉన్నాడు. చేతిలో మిగిలిన చెక్క ముక్కలతో రాత్రి చేసిన చిన్న డబ్బా, లోపల దూది పరిచి. ఆమె డబ్బా మూత తీసి చూసింది, నాలుగు మూలలూ ఎంత చక్కగా కలిశాయో చూసింది, సంచిలో పెట్టుకుంది.

అడవి గేటు దగ్గర గార్డు గారి అమ్మాయినని చెప్పగానే లోపలికి వదిలారు. సన్నటి తుంపర. ఆకుల మీంచి జారిన నీళ్ళు మెడలో పడుతున్నాయి. నేలంతా మెత్తగా, మునిగే పరుపులా ఉంది. ఎక్కడ చూసినా పుట్టగొడుగులే. దుంగ మీద వరసగా చెవుల్లాంటివి, గడ్డిలో గుండీలంతవి, ఒంటరిగా నిలబడ్డవి. ఆమె ముందు నడుస్తూ వెనక్కి తిరిగి చూసేసరికి, మనవాడు మోకాళ్ళ మీద కూర్చుని జేబురుమాలుతో ఒక పుట్టగొడుగు తల తుడుస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు... మట్టి అంటుకుని ఉంటే..."

ఆమెకి ఇక నవ్వు ఆగలేదు. పక్కనున్న తడి రాయి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. "మహానుభావా, అడవిని తుడుస్తారా! ఎక్కడిదాకా తుడుస్తారు? వాగుదాకానా, ఆ కొండదాకానా?"

వీడూ నవ్వాడు. రెండు రోజుల తర్వాత ఊపిరాడినట్టయింది.

"ఒక్కటడగనా?" అందామె నవ్వాపుకుని. "ఇన్నేళ్ళలో ఎన్నో బొమ్మలకి ఫ్రేములు కట్టుంటారు. బాగా నచ్చిందేది?"

మనవాడు ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ సిగ్గేసింది. "నిజం చెప్పనా? నేను అంచులే చూస్తానండీ. మూల కలిసిందా, గాజు సమంగా కూర్చుందా, దుమ్ముందా. మధ్యలో ఏముందో చూడను. మీ బొమ్మనే మొదటిసారి మధ్యదాకా చూశాను."

"చూసి లారీ అన్నారు."

"అది సోమవారం. మంగళవారం నుంచి లారీ కనబడలేదు. ఆకుని నెత్తిన మోసుకుని లేస్తోందే ఒకటి, అది కనబడింది. ఆ తర్వాత చాలాసేపు పని చేయలేకపోయాను."

ఆ ఆకు మోసే పుట్టగొడుగుని తను ఏ రోజున వేసిందో ఆమెకి గుర్తుంది. నాన్న మంచం మీంచి లేవలేకపోయిన మొదటి రోజున. ఇంతవరకు ఎవరూ దాన్ని చూడలేదు. చూసినా చెప్పలేదు. లేచి, గొడుగు విప్పి, "తడుస్తారు, రండి," అంది. గొడుగు కింద ఇద్దరూ పట్టాలంటే దగ్గరగా నడవాలి. నడిచారు.

వాగు దాటారు. దాటేటప్పుడు మనవాడి చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. ఇంకో చెప్పు చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియక దాన్నీ వదిలేశాడు. ఆ మలుపు తిరిగాక కనబడింది మూడు కొమ్మల చెట్టు. దాని కింద నడుమెత్తు పుట్ట, పుట్ట చుట్టూ లేతవీ ముదురువీ కలిసి ఇరవైకి పైగా పుట్టగొడుగులు. ఆమె పరుగెత్తింది. ఒకటి తీసి తిరగేసి చూసింది. ముఖం వాడిపోయింది.

"ఇవి కావు."

"అదేంటి? చెట్టు ఇదే కదా?"

"చెట్టు ఇదే. నాన్న తెచ్చినదానికి అడుగున నల్లగా ఉంది. అందుకే నల్లటి పొడి రాలింది. ఇవి చూడండి, లేత గులాబీ రంగు."

గంటసేపు వెతికారు. అటు యాభై అడుగులు, ఇటు యాభై అడుగులు. నల్లటిది ఒక్కటీ లేదు. "ఒక ఏడు మొలిచింది ఇంకో ఏడు మొలవదేమో," అంది చివరికి. విచ్చుకున్నవాటిలో ఒకటి తీసి డబ్బాలో పెట్టింది. "ఇంక వేరే దారి లేదు."

తిరుగు బస్సులో డబ్బా ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఇద్దరి చేతులూ డబ్బా మీదకే వెళ్ళేవి. ఆ రోడ్డుకి గుంతలు చాలానే ఉన్నాయి. ఇంకా ఉన్నా బాగుండుననుకున్నాడు మనవాడు.

షాపులో ఫ్రేమ్ విప్పి, గాజు తీసి, ఆ పసుపు మూలలో పుట్టగొడుగు తల బోర్లించి, పైన స్టీలు గిన్నె మూసింది టీచరు. "రేపు పొద్దున్నదాకా కదపకూడదు," అంది.

"కదపడమా! ఈ రాత్రికి ఇక్కడ తుమ్మినవాడికి తిండి లేదమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆదివారం తెల్లారగానే ఆమె వచ్చి గిన్నె ఎత్తింది. ముగ్గురూ వంగి చూశారు. సన్నటి గీతలు, నడుమ నుంచి చుట్టూ పరుచుకున్నట్టు, గుండ్రంగా, లేత గులాబీ రంగు ముద్ర. అంత అందంగా ఉంటుందని మనవాడు అనుకోలేదు. ఇలాంటిదాన్నేనా తను మసి అనుకుని ఊదేసింది!

ఆమె మాత్రం పెదవి కొరుక్కుంది. "నాన్న ఒక్క చూపులో పట్టేస్తారు. ఇది అది కాదని." పెద్దాయనకి వినబడకుండా వీడివైపు తిరిగింది. "ఒక సాయం చేస్తారా? గాజు కింద పెట్టాక రంగు మారిందని చెప్తాను. మీరు అవునంటే చాలు. ఇప్పుడే ఆపరేషన్ అయి వస్తున్నారు. అడవి నుంచి తను చివరిసారి తెచ్చింది పోయిందంటే తట్టుకోలేరు. మీరేం చెప్పకండి, ప్లీజ్."

మనవాడు తల నిలువుగా ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. ఆమె అది సరేనన్నట్టే అనుకుంది. మళ్ళీ గాజు వేసి ఫ్రేమ్ బిగించారు.

టీచరు వాళ్ళ ఇల్లు రెండో అంతస్తులో. గార్డు గారి గదికి ఒకే కిటికీ. అందులోంచి కనబడేది పక్కింటి గోడ, దాని మీద నీళ్ళ పైపు. ముప్పై నాలుగేళ్ళు అడవిలో తిరిగిన మనిషికి ఇక ఆ పైపే. ఆస్పత్రి బండి వాళ్ళు ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి వెళ్ళారు. ఎండిన కర్రలా ఉన్నాడు. చూపు మాత్రం గట్టిది.

నలుసు మేకు కొట్టి, బొమ్మ తగిలించి, వంకర లేదని చూసుకుని పక్కకి జరిగాడు. గార్డు గారు బొమ్మంతా చూశాడు. చివరికి ఆ మూలకి వచ్చాడు. అక్కడే ఆగిపోయాడు.

"రంగు మారిందేం తల్లీ?"

"గాజు కింద పెట్టాక అలా అయింది నాన్నా." గొంతు తేలికగా ఉండాలని చూసింది. ఉండలేదు.

ఆయన వీడివైపు తిరిగాడు. "అలా మారుతుందా బాబూ?"

వెనక నుంచి ఆమె కళ్ళతోనే బతిమాలుతోంది. అవును అంటే చాలు. ఒక్క మాట. ఆ మాట అంటే ఆమె జన్మంతా వీణ్ణి మంచివాడనే అనుకుంటుంది. అనకపోతే ఈ గుమ్మం తొక్కడం ఇదే ఆఖరు.

"మారదండీ," అన్నాడు. "మీరు తెచ్చినదాని ముద్ర నేనే తుడిచేశాను. దుమ్మనుకున్నాను. మీ అమ్మాయి తప్పేం లేదు. మీరు బాధపడతారని అలా చెప్పారు. తిడితే నన్ను తిట్టండి."

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. అయిపోయిందనుకున్నాడు.

"మరి ఇదెక్కడిది?" అన్నాడు గార్డు గారు.

"నిన్న మేమిద్దరం వెళ్ళి తెచ్చామండీ. వాగు దాటి, మూడు కొమ్మల చెట్టు కింద నుంచి."

ఆయన మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగాడు. "చెట్టు ఇంకా ఉందా?"

"ఉందండీ. ఎడమ కొమ్మ పిడుగు పడి సగం కాలింది. కానీ చిగుళ్ళేసింది."

"కింద పుట్ట?"

"నడుమెత్తు ఉంది."

"దాని చుట్టూ మొలిచేవి అడుగున లేత గులాబీ రంగుంటాయి. అవేనా?"

"అవేనండీ."

ఆమె చటుక్కున ఇటు తిరిగింది. "నీకెలా తెలుసు నాన్నా? నువ్వు అక్కణ్ణుంచి తెచ్చింది నల్లది కదా?"

ఆయన కళ్ళజోడు తీశాడు. పంచె చెంగుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"నేను ఆ చెట్టు దాకా వెళ్ళలేదు తల్లీ. గేటు దాటి వంద అడుగులు వేశానో లేదో మోకాళ్ళు మొరాయించాయి. రోడ్డు పక్కన తూము మీద రెండు గంటలు కూర్చున్నా. అటు చూస్తే అడవి, వెళ్ళలేను. ఇటు చూస్తే ఇల్లు, నువ్వు గుమ్మంలో ఎదురుచూస్తుంటావు. ఉత్త చేతుల్తో రావడానికి మనసొప్పలేదు. తూము పక్కన పేడకుప్ప మీద మొలిచి ఉంటే ఒకటి తెంపుకొచ్చా. చెట్టు కిందదని నోటికొచ్చింది, అనేశా. నువ్వేమో దాన్ని కళ్ళకద్దుకున్నావ్."

కూతురు గోడ మీది బొమ్మ వంక చూసింది.

"ఏడాది పాటు దాని చుట్టూ బొమ్మ వేశావు. నేను ఒక్కసారైనా ఆ మూలకేసి సరిగ్గా చూడలేకపోయాను. ఆస్పత్రిలో ఆపరేషన్‌కి భయపడలేదమ్మా. ఇంటికెళ్ళాక మంచం ఎదురుగా రోజూ అదే చూడాలి కదా అని భయపడ్డాను. చెబుదామంటే ముఖం చెల్లలేదు."

"పేడకుప్ప మీదదా నాన్నా?" అంది.

"పేడకుప్ప మీదదే."

ఏడుపొచ్చింది, దాని మీదే నవ్వూ వచ్చింది. మంచం పక్కన కూర్చుని ఆయన మోకాలి కట్టు మీద చెయ్యి వేసింది. "ఒక్క మాట నాతో చెబితే ఏం పోయేది?"

"నువ్వు మాత్రం? ఇప్పుడేగా గాజు కింద రంగు మారిందన్నావ్!"

ఆ మాటకి ముగ్గురూ నవ్వారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆ గులాబీ రంగు ముద్రకేసి కళ్ళార్పకుండా చూశాడు. తర్వాత వీడికి కుర్చీ చూపించాడు.

"కూర్చో బాబూ. గేటు దగ్గర్నుంచి మొదలెట్టు. ఏదీ వదలకుండా చెప్పు."

మనవాడు చెప్పాడు. దుంగ మీద వరసగా మొలిచినవి, గడ్డిలో గుండీలంతవి, కొట్టుకుపోయిన చెప్పుతో సహా. ఇన్ని చూశానా అని తనకే ఆశ్చర్యమేసింది. ఆయన మధ్యమధ్యలో కళ్ళు మూసుకుని "ఊఁ, ఆ రాయి దాటాక?" అని అడుగుతూ వాడి వెంటే నడిచాడు. ఒక గంట గడిచింది.

మెట్ల దాకా ఆమె సాగనంపడానికొచ్చింది. నాలుగు మెట్లు దిగాక ఆగింది.

"ఏమీ చెప్పొద్దన్నాను కదా."

"అన్నారు. నేను సరేననలేదు."

"చంపేద్దామన్నంత కోపమొచ్చింది, తెలుసా?"

"తెలుసు. ఇంక మళ్ళీ రావద్దంటారనుకున్నా."

"అలా అనుకుని కూడా ఎందుకు చెప్పారు?"

మనవాడు చేతిలో సుత్తిని అటూ ఇటూ మార్చుకున్నాడు. చెప్పేయడమే మంచిదనిపించింది.

"మళ్ళీ రావాలని ఉంది కాబట్టి. ఒక్కసారి కాదు, రోజూ రావాలని ఉంది. అబద్ధమాడి వస్తే వచ్చినప్పుడల్లా ఆయన ముందు తల దించుకుని కూర్చోవాలి. నా వల్ల కాదు. నాకు మీరంటే ఇష్టమండీ. సోమవారం నోరు జారాను, బుధవారం చెయ్యి జారాను. ఇష్టం మాత్రం మంగళవారం నుంచే ఉంది."

కింది నుంచి ఎవరో మెట్లెక్కి వస్తూ, ఇద్దర్నీ చూసి, తప్పుకుని పైకి పోయారు.

"ఇంకోసారి చెప్పగలరా?" అంది.

"ఎన్నిసార్లైనా."

"నాకు కాదు. లోపల నాన్నకి. ఇప్పుడే. చెప్పొద్దన్నది కూడా చెప్పేశారుగా, చెప్పమంటున్నది చెప్పలేరా?"

మనవాడు పైన తలుపు వంక చూశాడు. "ఏమంటారో ఏమో..."

"ఏమన్నా సరే, ఈసారి నేను కిటికీ వైపు తిరగను. మీ పక్కనే నిలబడతాను," అని, వాడి చేతిలో సుత్తి తను తీసుకుని, ముందు మెట్లెక్కింది.